సీసా దాటవలసిన ఎల్లలు
(యానాము నుండి విదేశవాసమునకు పోవు కుటుంబముల గృహమద్యసంచయమును గూర్చి)

గౌతమీ గోదావరి నుండి కోరంగి పాయ విడివడు తావున యానాము పట్టణమున్నది. దాని వైశాల్యము 30 చదరపు కిలోమీటర్లు మాత్రమే. చుట్టును ఆంధ్రప్రదేశము, పరిపాలనము మాత్రము వందల మైళ్ల దూరమున నున్న పుదుచ్చేరిది. 1723లో ఫ్రెంచివారు వర్తకస్థానమును నెలకొల్పినది మొదలు 1954 వరకు, నడుమ నడుమ కొన్ని విరామకాలములు తప్ప, ఈ ఊరు ఫ్రెంచి జెండా నీడనే యుండెను. ఆ దినములలో యానామువాడు నీలపల్లిలోని బంధువుల యింటికి భోజనమునకు పోయిన, పరరాజ్యమునకు పోయినట్లే. భాష యొకటి, వంట యొకటి, కులాచారములు నొకటియే. చట్టము మాత్రము వేరు.

చట్టము వేరగుట వలన జీవితము ఎట్లు మారునో యానాము ప్రజలకు పుస్తకములు చదివి తెలిసికొనవలసిన పని లేకపోయెను. బాల్యవివాహములను నిషేధించు శారదా చట్టము 1930లో బ్రిటిషు ఇండియాలో అమలునకు రాగా, చుట్టుప్రక్కల గ్రామముల వారు తమ చిన్నపిల్లలను బండ్లపై నెక్కించి యానామునకు దెచ్చి పెండ్లిండ్లు చేసిరి. ఊరికి కల్యాణపురమను పేరు వచ్చినది. ఆ పేరు వినుటకు సొంపుగా నున్నను దాని వెనుక నున్న కథ సొంపైనది కాదు. మద్యము విషయమున కూడ ఇట్టిదే జరిగినది. 1937లో సేలము జిల్లాతో ఆరంభమైన మదరాసు మద్యనిషేధము 1948 అక్టోబరు 2వ తేదీ నాటికి రాష్ట్రమంతటను వ్యాపించెను. అప్పటి నుండి ఎల్ల కీవల సీసా గృహసామగ్రి. ఆవల నాలుగడుగులు వేసిన నేరము. 1954 నవంబరు 1వ తేదీన యానాము భారత పరిపాలనము క్రిందికి వచ్చినది. అదే మాసమున కర్నూలులో ప్రకాశము పంతులుగారి ప్రభుత్వము మద్యనిషేధ సమస్యపైననే శాసనసభలో ఒక్క వోటు తేడాతో పడిపోయినది. తెలుగుదేశమున సీసాకు రాజకీయమునకు గల సంబంధము నేటిది కాదు.

ఫ్రెంచి పరిపాలనము పోయినను ఎల్ల పోలేదు. మన రాజ్యాంగము మత్తుపానీయములను రాష్ట్రముల అధికారమునకు విడిచినది; తాగు మద్యముపై ఆబ్కారీ సుంకము విధించు హక్కు కూడ రాష్ట్రములదే. 2017లో వచ్చిన వస్తుసేవల పన్ను దేశమంతటిని ఒక్క అంగడిగా జేసెనని చెప్పుదురు గాని, తాగు మద్యము ఆ పన్నులో చేరలేదు. కనుక ప్రతి రాష్ట్రపు సరిహద్దును సీసా విషయమున ఒక చిన్న సుంకపు కచ్చేరియే. నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు సారాపై తిరుగబడిన పిదప ఆంధ్రప్రదేశమున 1993లో సారా నిషేధింపబడినది, 1995 జనవరి 16 నుండి సంపూర్ణ మద్యనిషేధము వచ్చినది, 1997లో సడలినది. ఆ రెండేండ్లును యానాము మరల 1948 నాటి యానామయ్యెను. ఆ తరువాత, 2020లో, ఇతర రాష్ట్రముల నుండి మనిషికి మూడు సీసాలు తెచ్చుకొనవచ్చునను వెసులుబాటు ఒకే సంవత్సరములో న్యాయస్థానమున స్థిరపడి, కొలది వారములకే ప్రభుత్వపు ఉత్తర్వుచే తొలగింపబడినది.

ఈ పూర్వకథ యంతయు ఏల చెప్పవలసి వచ్చినదనగా, యానాము నుండి సముద్రములు దాటి పోవు కుటుంబము తన సీసాలతో దాటవలసిన మొదటి ఎల్ల ఫ్రాన్సుదియు కాదు, అమెరికాదియు కాదు; నీలపల్లిది, లేక వంతెన కావలి ఎదుర్లంకది. యానామున విమానాశ్రయము లేదు. రాజమహేంద్రవరమునకు పోయినను, విశాఖపట్టణమునకు పోయినను, చెన్నపట్టణమునకో హైదరాబాదునకో రైలెక్కినను, ఆంధ్రప్రదేశపు నేలపై నడువకుండ పోవు దారి లేదు. విదేశపు సుంకములను గూర్చి నెలల తరబడి విచారించు గృహస్థులు ఈ మొదటి ఎల్లను తలపోయరు. అది మన ఊరే కదా యను ధీమా వలన వచ్చు చిక్కు ఇది. ఆంధ్రప్రదేశమున సుంకము చెల్లింపబడిన గురుతు లేని సీసా, ఎంత ఖరీదైనదైనను, ఎంత ప్రియమైనదైనను, అక్కడి యధికారి లెక్కలో సుంకము చెల్లింపని మద్యమే. పట్టుబడినచో సీసాలే గాక వాహనము కూడ చిక్కును.

ఎవరు పోవుచున్నారు? 1956 మే 28న భారత ఫ్రెంచి ప్రభుత్వములు చేసికొన్న అప్పగింత ఒడంబడిక 1962 ఆగస్టు 16న అమలునకు వచ్చినది. దాని ప్రకారము ఈ ప్రాంతములలోని ఫ్రెంచి జాతీయులు ఆరు నెలల లోపల వ్రాతమూలకముగా కోరినచో తమ ఫ్రెంచి జాతీయతను నిలుపుకొనవచ్చును, కోరనివారు భారతీయులగుదురు. పుదుచ్చేరిలో ఎక్కువగను, యానామున తక్కువగను అట్లు కోరుకొన్న కుటుంబము లున్నవి. వారి సంతతివారు చదువునకును, కొలువునకును, ముదిమిలో పిల్లల దగ్గర నుండుటకును ఫ్రాన్సునకు పోవుచుందురు. అంతకు చాల ముందే, 1828లోనే, యానాము నుండి కూలివాండ్రు రియూనియన్ ద్వీపపు చెరకుతోటలకు పోయిరి. నేడు కోనసీమ నుండి కువైటునకు పోవువారును, ఇంజనీరు చదువు ముగించి అమెరికాకు పోవువారును వీరికి తోడైరి.

వీరి యిండ్లలో గాజు బీరువాలో నిలువ చేసిన సీసాలుండుట వింత కాదు. తండ్రి కొలువు చేసిన నాటి కోన్యాకు, అల్లుడు తెచ్చిన స్కాచి విస్కీ, ఎవరో కానుకగా నిచ్చిన రమ్ము – తాగుటకంటె దాచుటకే ఎక్కువగా నుంచబడినవి. మద్యమును గూర్చి నలుగురిలో మాటాడుట తెలుగు గృహస్థులకు సంకోచము. దూబగుంట స్త్రీల వంటివారి కన్నీటిని ఎరిగిన సమాజమునకు ఆ సంకోచము తగినదే. కాని ఆ సంకోచము వలన ఒక నష్టము కూడ గలుగుచున్నది. మంచము, బీరువా, ఇత్తడి సామాను తీసికొనిపోవు విధమును పదిమందిని అడిగి తెలిసికొందురు. సీసాల సంగతి ఎవరిని అడుగక, సామానుల నడుమ బట్టలలో చుట్టి పంపుదురు. చిక్కులన్నియు అక్కడనే పుట్టును.

పయనమునకు తగిన మద్యము ఏది, తగనిది ఏది యను విషయమును ముందుగా చూడవలెను. కల్లు పయనమునకు పనికిరాదు. తాటి గెల నుండి గాని, ఈతచెట్టు మొవ్వు నుండి గాని కారిన రసము కుండలో పడుచుండగనే పులియ నారంభించును. కుండకు సున్నము పూసినచో ఆ పులుపు ఆగి తియ్యని నీరాగా నిలుచును. పూయనిచో ఉదయము దించినది సాయంకాలమునకు పుల్లనై, మరునాటికి పనికిమాలినదగును. దానిలో సారాంశము సామాన్యముగా నూటికి నాలుగైదు పాళ్లు; సూక్ష్మజీవులను చంపుటకు అది చాలదు. కనుకనే కల్లు చెట్టును విడిచి దూరము పోలేదు. తెలుగున కల్లు, తమిళమున కళ్, కన్నడమున కళ్ళు – ఈ పదము అన్నదమ్ముల భాషలన్నిట నిలిచినది గాని, సరకు మాత్రము ఊరి పొలిమేర దాటలేదు. కాచి దించిన మద్యము సంగతి వేరు. నిప్పుపై నుంచి ఆవిరిని చల్లార్చి పట్టినప్పుడు సారము పాలు హెచ్చి, ఏ క్రిమియు దానిలో బ్రదుకజాలదు. అరకు అను మాట అరబ్బీ భాషలో చెమటను జెప్పును. బట్టీ గొట్టము చివర బొట్లు బొట్లుగా దిగు ద్రవమును చూచినవారికి ఆ పేరెట్లు వచ్చెనో చెప్పనక్కరలేదు. ఫ్రెంచివారు ఇట్టి ద్రవమును ఓ ద వీ యందురు, అనగా జీవజలము. విస్కీ యను పదమునకు మూలమైన గేలిక్కు మాటకును అదే యర్థము. బ్రాందీ యనగా డచ్చి భాషలో కాల్చిన ద్రాక్షసారాయి. ఏ దేశమువాడును తన సారాయికి చెడ్డ పేరు పెట్టుకొనలేదు.

ఇక ముఖ్యవిషయము. దేశము మారి స్థిరపడ పోవువాని గృహసామగ్రిపై సుంకము వేయకుండుట లోకమున దాదాపు అన్ని దేశముల యాచారము. మరి సీసాలకు మాత్రము ఆ మినహాయింపు ఏల లేదు? ఫ్రాన్సు చేరిన ఐరోపా సమాఖ్యకు 2009లో వచ్చిన 1186 సంఖ్య గల నిబంధనము ఈ సంగతిని స్పష్టముగా చెప్పుచున్నది. పన్నెండు నెలలకు తక్కువ కాకుండ సమాఖ్య వెలుపల నివసించినవాడు, తన పాత యింట ఆరు నెలలైనను వాడిన వస్తువులను, క్రొత్త దేశమున కాపురము పెట్టిన పన్నెండు నెలల లోపల సుంకము లేకుండ తెచ్చుకొనవచ్చును. అట్లు తెచ్చిన వానిని మరల పన్నెండు నెలల వరకు అమ్మరాదు, అద్దెకియరాదు. ఈ మినహాయింపు వర్తింపని వస్తువుల పట్టికలో మొట్టమొదటి పేరు మద్యము, రెండవది పొగాకు. వయస్సును చూడరు, జ్ఞాపకమును చూడరు.

ఆలోచించిన నిందొక న్యాయమున్నది. సామగ్రిపై మినహాయింపునకు ఆధారము వాడుక. పది సంవత్సరములు పండుకొన్న మంచము పాతబడినది. దానిపై చెల్లింపవలసిన పన్ను కొన్ననాడే చెల్లినది. దానిని కొత్త దేశపు అంగడిలో అమ్మి లాభము గడించువాడుండడు. మూత తీయని సీసాయో? అది ముప్పది యేండ్లు బీరువాలో నున్నను ఒక్క దినమైనను వాడబడినది కాదు. వాడిన నాడు అది లేదు. కాబట్టి సుంకపు కచ్చేరి దృష్టిలో పాత సీసా యను వస్తువే లేదు. ప్రతి సీసాయు కొత్తదే. గృహస్థు సీసాను గృహసామగ్రి యనుకొనును. ప్రభుత్వము దానిని లీటర్లు, డిగ్రీలు గల సరకుగా కొలుచును. కానుకగా వచ్చినదని గాని, తండ్రి వదలిపోయినదని గాని చెప్పినను ఆ కొలత మారదు. మనస్సునకు కష్టము తోచినను న్యాయము అటువైపే యున్నదని ఒప్పుకొనవలెను.

ఈ కొలతలలో యానామునకు ప్రత్యేకమైన చిక్కొకటి కలదు. పాత లేబులులపై డిగ్రీలను రెండు విధములుగా వ్రాసిరి. 1824లో గే లుస్సాకు అను ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు ఏర్పరచిన కొలత ప్రకారము 43 డిగ్రీలనగా నూటికి 43 పాళ్లు సారము. ఆంగ్లేయుల ప్రూఫు కొలత వేరు. వారి లెక్కలో నూరు డిగ్రీల ప్రూఫనగా నూటికి 57 పాళ్లకు కొంచెమెక్కువ. ఈ కొలతయే భారతదేశమున నిలిచినది. మన సీసాలపై 75 డిగ్రీల ప్రూఫని కనబడునది నిజమునకు నూటికి 42.8 పాళ్లు. కావున ఫ్రెంచి నాటి 43 డిగ్రీల సీసాయు, కాకినాడ అంగడిలోని 75 డిగ్రీల సీసాయు దాదాపు ఒకే బలము కలవి. అమెరికావారి ప్రూఫు మూడవ విధము. అది నూటికి గల పాళ్లకు రెట్టింపు. అదే మద్యము వారి లేబులుపై 86 ప్రూఫగును. ఇది పండితుల వాదము కాదు. నూటికి 70 పాళ్లు మించిన మద్యము విమానమున పూర్తిగా నిషిద్ధము. 75 డిగ్రీలని యున్న లేబులును చూచి యధికారి సీసాను ప్రక్కన పెట్టినచో, అది ప్రూఫు కొలతయని ప్రయాణికుడు చెప్పగలిగియుండవలెను. లేబులుపై నూటికి పాళ్ల లెక్క కూడ నున్నదేమో ఇంటనే చూచుకొనుట మేలు.

ఫ్రాన్సునకు పోవు ఒక కుటుంబమును ఉదాహరణముగా గైకొనవచ్చును. తండ్రి, తల్లి, పెరిగిన కుమారుడు – ముగ్గురు. బీరువాలో పదునాలుగు సీసాలు: కోన్యాకు మూడు, దేశపు బ్రాందీయు విస్కీయు కలిసి ఆరు, రమ్ము రెండు, పోర్టు ద్రాక్షసారాయి రెండు, ఇంట ఊరవేసిన రమ్ము ఒకటి. ఐరోపా సమాఖ్య వెలుపలి నుండి వచ్చు ప్రయాణికుడు 17 ఏండ్లు నిండినవాడైనచో, తన వెంట నున్న సామానులో నూటికి 22 పాళ్లు మించిన మద్యము ఒక లీటరు, లేక 22 పాళ్లకు లోబడినది రెండు లీటర్లు సుంకము లేక తేవచ్చును. వీనిని పాళ్లు చేసికొని అర లీటరు బ్రాందీ, ఒక లీటరు పోర్టు అని కలుపుకొనవచ్చును. సాధారణ ద్రాక్షసారాయి నాలుగు లీటర్లు, బీరు పదునారు లీటర్లు వేరు లెక్క. ఓడపై విడిగా పంపిన పెట్టెకు ఈ వెసులుబాటు లేదు.

ముగ్గురికి మూడు లీటర్లు. సీసా 750 మిల్లీలీటర్లు. కావున నాలుగు సీసాలని తొందరపడి లెక్క కట్టుదురు. ఇక్కడ పొరపాటున్నది. హక్కు మనిషికి గాని కుటుంబమునకు కాదు. నాలుగవ సీసాను ముగ్గురికి పంచి చూపుట కుదరదు. తలకొక సీసా, మూడు సీసాలనియే లెక్క పెట్టుకొనవలెను. మిగిలిన 250 మిల్లీలీటర్లలో, కావలెనన్నచో, జనులు క్వార్టరని పిలుచు 180 మిల్లీలీటర్ల చిన్న సీసా ఒకటి ఇముడును. పదునాలుగు సీసాలలో మూడు పోగా మిగిలినవి పదునొకండు. వానిని పట్టుకొని పోవలెనన్నచో అక్కడి యధికారికి ముందుగా చెప్పి సుంకమును, ఆబ్కారీ పన్నును, విలువపై పన్నును చెల్లింపవలెను. మామూలు బ్రాందీకి అంత వెచ్చించుట తెలివి కాదు. అదే వెలకు అక్కడనే మంచిది దొరకును.

కోన్యాకు విషయమున గృహస్థు ఒక ప్రశ్న వేయవచ్చును: ఇది ఫ్రాన్సున పుట్టినదే కదా, పుట్టింటికి పోవుటకు సుంకమేల? సమాఖ్య చట్టమున తిరిగివచ్చిన సరకులకు మినహాయింపు ఉన్నమాట నిజమే. కాని సామాన్యముగా దాని గడువు మూడేండ్లు. అర్ధశతాబ్దము క్రిందట ఓడలో వచ్చిన సీసా అక్కడికి మరల పోయినప్పుడు పరదేశపు సీసాయే. దానిని తెచ్చిన కుటుంబము ఫ్రెంచి జాతీయతను నిలుపుకొన్నది, సీసా నిలుపుకొనలేకపోయినది.

ఇంట ఊరవేసిన రమ్ము సంగతి వేరుగా చెప్పవలెను. పండ్లు, దాల్చినచెక్క, వెనిల్లా కాయలు రమ్ములో ఊరవేయుట రియూనియన్ ద్వీపమున ప్రసిద్ధమైన యాచారము. అట్టి సీసాకు లేబులుండదు, బలమెంతయో ఇంటివారికే తెలియదు. విమానమున బలమైన మద్యము అంగడిలో అమ్మినప్పటి కట్టుతోనే యుండవలెనను నియమము గలదు. కనుక ఇంటి సీసా విమానమెక్కదు. దానిని ప్రయాణమునకు ముందే పంచిపెట్టుట ఒక్కటే దారి.

ఇతర దేశముల పరిమితులు ఒక్కొక్క తీరుగా నున్నవి. బ్రిటనులో 2021 నుండి 17 ఏండ్లు దాటిన ప్రయాణికుడు 22 పాళ్లు మించిన మద్యము నాలుగు లీటర్లు తేవచ్చును. ఇది ఉదారమైన కొలతయే గాని, పరిమితి మించినచో మించిన భాగముపైన గాక ఆ తరగతి మద్యమంతటిపైనను సుంకము పడును. కాపురము మార్చువారికి ఇచ్చు మినహాయింపు అక్కడ కూడ మద్యమునకు లేదు. అమెరికాలో 21 ఏండ్లు నిండినవానికి ఒక లీటరు. అంతకు మించినది సుంకము చెల్లించి తేవచ్చును గాని, దిగిన రాష్ట్రపు చట్టము కూడ ఒప్పుకొనవలెను. రాష్ట్రమునకొక చట్టమను బాధ మనకే కాదన్నమాట. ఆస్ట్రేలియాలో 2.25 లీటర్లు. కెనడాలో 1.14 లీటర్లు, ఈ వింత సంఖ్య పాత నలుబది ఔన్సుల సీసా నుండి వచ్చినది. కువైటు, సౌదీ అరేబియాలకు పోవువారికి పరిమితుల లెక్క యక్కరలేదు. అక్కడ ప్రయాణికుడు ఒక్క సీసా తెచ్చినను నేరమే. కోనసీమ యువకులు స్నేహితుని కొరకని ఒక సీసాను పెట్టెలో నుంచుకొని పోవుట కంటె తెలివిమాలిన పని మరొకటి లేదు. జీతము, కొలువు, కొన్ని యెడల స్వేచ్ఛయు పోవును.

విమానమున మద్యమును పంపుటకు నియమములు సుంకముతో సంబంధము లేనివి. అవి అగ్నిభయము వలన పుట్టినవి. నూటికి 24 పాళ్లకు లోబడినదానికి ఆ భయము లేదు. 24 నుండి 70 పాళ్ల వరకు బలము గలది మనిషికి అయిదు లీటర్లకు మించరాదు. చేతిసంచిలో నూరు మిల్లీలీటర్లకు మించిన ద్రవపదార్థముల సీసా నిషిద్ధము గనుక, ఇంటి సీసాలు పెద్దపెట్టెలోనే పోవలెను. విమానయానపు అయిదు లీటర్లను చూచి దిగిన దేశమును అయిదు లీటర్లకు ఒప్పుకొనునని భ్రమపడరాదు. ఒకటి విమానమువారి భయము, రెండవది ప్రభుత్వపు ఖజానా.

ఓడపై సామానుతో కలిపి పంపుట మరింత ప్రమాదకరము. జాబితాలో వ్రాయక మూటల నడుమ నుంచిన ఒక్క సీసా బయటపడినచో, ఆ సీసాతో పాటు మంచములు, పుస్తకములు, వంటపాత్రలు అన్నియు రేవులో నిలిచిపోవును. నిలిచిన దినములకు అద్దె పెరుగుచుండును. సామానులు చేరవేయు కంపెనీలు అనేకము మద్యమును అసలే ఒప్పుకొనవు. దానికి తోడు ఇనుపపెట్టెలోని వేడి. ద్రాక్షసారాయి ఆ వేడికి చెడిపోవును. బ్రాందీ, విస్కీలు చెడకపోయినను, వ్యాకోచించి బెండు బిరడా సందుల నుండి కారును. బలమైన మద్యము బిరడాను తినివేయును గనుక ఆ సీసాలను ఎప్పుడును నిలువుగనే యుంచవలెను. పడుకోబెట్టి దాచుట ద్రాక్షసారాయికి తగిన పద్ధతి, దీనికి కాదు. సగము తాగిన సీసాలో గాలి చేరి వాసన క్రమముగా పలుచనగును. అట్టి దానిని ఖండములు దాటించుట వ్యర్థము.

సీసాలో మద్యము ముదురునను నమ్మకము మన యిండ్లలో బలముగా నున్నది. అది నిజము కాదు. విస్కీ గాని, కోన్యాకు గాని ముదురునది కొయ్యపీపాలోనే. పండ్రెండేండ్ల విస్కీ బీరువాలో ఇరువదియేండ్లున్నను పండ్రెండేండ్లదే. సీసా పాతబడుటచే లోపలి పదార్థము మేలగుట లేదు. కొన్ని పాత సీసాలకు వెల పెరుగుట అవి యరుదగుట వలన. దాచినదంతయు నిధియని తలచువారు ఈ భేదమును గ్రహించినచో, పదునాలుగు సీసాలలో కొనిపోదగిన మూడింటిని ఎంచుకొనుట సులభమగును.

విదేశము నుండి తిరిగి వచ్చువారికి మన దేశపు నియమమును ఇట్టిదే. ప్రయాణికునకు రెండు లీటర్లు. 750 మిల్లీలీటర్ల సీసాలు రెండు పోగా అర లీటరు మిగులును. కాపురము మార్చుకొని వచ్చువారికి గృహసామగ్రిపై ప్రత్యేకమైన రాయితీ యున్నను రెండు లీటర్లు మించిన మద్యమునకు అది చెల్లదు. ఇల్లు చేరువరకు మరల రాష్ట్రముల ఎల్లలున్నవి. షోలాపురపు తెలుగు కుటుంబమునకు పోవువాడు మహారాష్ట్రమున మద్యము కలిగియుండుటకే అనుమతిపత్రము కావలెనని ఎరుగవలెను; అక్కడ నేటికిని 1949 నాటి మద్యనిషేధ చట్టమే ఆధారము. గుజరాతు, బీహారుల మీదుగా రైలులో పోవువారు మరింత జాగ్రత్తగా నుండవలెను. అవి నిషేధపు రాష్ట్రములు.

యానాము గృహస్థునకు చేయవలసిన పని మొదట ఇంటనే యున్నది. ప్రయాణమునకు ముందే సీసాల పట్టిక వ్రాసి, ఒక్కొక్కదాని ప్రక్క పరిమాణము, నూటికి పాళ్లు, కొన్న సంవత్సరము చేర్చవలెను. రసీదు లున్నవి వానికి జతపరచవలెను. ఎంచుకొన్న వానిని ఆంధ్రప్రదేశము మీదుగా కొనిపోవుటకు ఆనాటి పరిమితి యెంతయో ఆబ్కారీ కచ్చేరిలో అడిగి, అవసరమైనచో వ్రాతమూలకమైన అనుమతి పొందవలెను. ఈ పరిమితులు ప్రభుత్వములతో పాటు మారుచుండును గనుక క్రిందటి యేడు పోయినవాని మాట ఈ యేడు పనికిరాదు. మిగిలిన సీసాలను అమ్ముటకు ప్రయత్నింపరాదు. అనుమతి లేక మద్యమమ్ముట, ఒక్క సీసాయైనను, నేరము. యానాములోనే నివసించు బంధువులకు, స్నేహితులకు ఇచ్చిపోవుట సులువైన పద్ధతి. నీలపల్లి బంధువునకు ఇచ్చినచో ఆ సీసా మరల ఎల్ల దాటవలసి వచ్చును.

తండ్రి సీసాను విడిచిపోలేనివారికి ఇంకొక మార్గము కలదు. లోపలిదానిని ఇంటిల్లిపాదియు ఒక సాయంకాలమున పంచుకొని ముగించి, సీసాను వేడినీటితో కడిగి, లేబులు తడియకుండ ఆరబెట్టి, బిరడాను విడిగా కట్టి పెట్టెలో నుంచవచ్చును. ఖాళీ సీసా గాజు మాత్రమే. దానికి లీటర్లు లేవు, డిగ్రీలు లేవు. వాసన పోవువరకు రెండు మూడు దినములు మూత లేక గాలికి ఉంచినచో, అధికారి పెట్టె విప్పినప్పుడు అది ఖాళీయని చూపుటకు మూత తీయనక్కర కూడ లేదు.